శేషమే అసలు సమాచారం: కుట్టకం కథ

ఈరోజు ఎపిసోడ్ భాగహారం గురించి. చిన్నప్పటి లెక్క కదా, దీనికి హిస్టరీ ఏముంటుంది అనుకోకండి. 17ని 5తో భాగిస్తే భాగఫలం 3, శేషం 2. స్కూల్లో మన చూపంతా భాగఫలం మీదే. శేషం అంటే మిగిలిపోయింది, పక్కన రాసి వదిలేసేది. కానీ దాదాపు 1500 ఏళ్ల కిందట మన దగ్గర ఉల్టా ప్రశ్న అడిగారు: శేషాలు మాత్రమే చెప్తాను, అసలు సంఖ్య ఎంతో చెప్పగలవా?

క్రీ.శ. 629లో మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాశాడు. అందులో ఇలాంటి లెక్క ఒకటుంది. ఒక సంఖ్యను 8తో భాగిస్తే 5 మిగలాలి, 9తో అయితే 4, 7తో అయితే 1.

చేసి చూద్దాం. 8తో భాగిస్తే 5 మిగిలేవి 5, 13, 21, 29... వీటిలో 9తో 4 మిగిలేది 13. దానికి 72 కలిపినా ఆ రెండు శేషాలూ మారవు, ఎందుకంటే 72ని 8, 9 రెండూ నిశ్శేషంగా భాగిస్తాయి. 13ని 7తో భాగిస్తే 6 మిగులుతుంది, పనికిరాదు. 13కి 72 కలిపితే 85. ఏడు పన్నెండ్లు 84, మిగిలింది 1. జవాబు దొరికింది!

చిన్న సంఖ్యలు కాబట్టి వెతికేశాం. ఆర్యభటుడి లెక్కలో ఒక యుగానికి 43,20,000 సౌర సంవత్సరాలు, 157,79,17,500 రోజులు. సూర్యుడు ఇప్పటి చుట్టులో ఎంత దూరం వచ్చాడో తెలుసు, అంటే శేషం తెలుసు. దాన్నిబట్టి ఎన్ని రోజులు గడిచాయో చెప్పాలి. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే జీవితం సరిపోదు. అందుకే క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదం చివర రెండు శ్లోకాల్లో ఒక పద్ధతి ఇచ్చాడు. తర్వాతివాళ్లు దాన్ని కుట్టకం అన్నారు, అంటే దంచి పిండి చేసేది.

పేరు భలే కుదిరింది. పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి. వచ్చిన శేషంతో ఆ విభాజకాన్ని భాగించాలి. మళ్లీ శేషం, మళ్లీ భాగహారం. శేషం ఎప్పుడూ విభాజకం కన్నా చిన్నదే కాబట్టి సంఖ్యలు నలిగి నలిగి చిన్నవైపోతాయి. అక్కడ జవాబు తేలిక. తర్వాత భాగఫలాలను కింద నుంచి పైకి వాడుకుంటూ అసలు సంఖ్యకు తిరిగొస్తాం.

అన్నీ మనవాళ్లే కనిపెట్టారు అనే వీడియో కాదండీ ఇది. ఇలా భాగించుకుంటూ కిందికి దిగడం యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలోనే రాశాడు, గరిష్ఠ సామాన్య భాజకం కోసం. శేషాల నుంచి సంఖ్యను పట్టుకునే లెక్క చైనాలో సున్‌జీ గణిత గ్రంథంలోనూ ఉంది. ఆర్యభటుడి గొప్పతనం ఎక్కడంటే, తిరిగి పైకొచ్చే దారిని ఎంత పెద్ద సంఖ్యలకైనా పనిచేసే పద్ధతిగా ఇవ్వడంలో. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన స్థాయి తగ్గదు.

కోడ్ రాసే రోజుల్లో శేషం కోసం పర్సెంట్ గుర్తు రోజూ వాడేవాణ్ణి. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ తాళంలో రహస్య కీ చేయాలన్నా, శేషం 1 వచ్చేలా ఒక సంఖ్యను పట్టుకోవాలి. దానికి వాడే ఎక్స్‌టెండెడ్ యూక్లిడ్ అల్గారిథమ్ లోపల జరిగేదీ ఇదే: కిందికి దిగడం, పైకి రావడం. బీటెక్‌లో ఆ పేరు చెప్పారు, కుట్టకం పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండూ పక్కపక్కన చెప్తే ఎంత బాగుండేది!

వెళ్లేముందు సున్‌జీ లెక్క మీకు. 3తో భాగిస్తే 2, 5తో 3, 7తో 2 మిగలాలి. అతి చిన్న సంఖ్య ఎంత? కాలిక్యులేటర్ వద్దు, కాగితం చాలు. జవాబు వచ్చే ఎపిసోడ్‌లో.