నగరం అంచున హెలెన్స్‌బర్గ్: బొగ్గు, అడవి, ఆలయం

సిడ్నీ తెలుగువారికి హెలెన్స్‌బర్గ్ అంటే వేంకటేశ్వరస్వామి గుడి. సెలవురోజు ఉదయం బయలుదేరి, నగరకేంద్రానికి దక్షిణంగా దాదాపు 45 కిలోమీటర్లు ప్రయాణించి, దర్శనం చేసుకుని, గుడి క్యాంటీన్‌లో దోసె తిని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరడం అక్కడి కుటుంబాలకు అలవాటైన ఒకరోజు యాత్ర. గుడికి ఆవల ఆ ఊరు పరిచయమైనవారు తక్కువ. పరిపాలన రీత్యా అది సిడ్నీలో భాగం కూడా కాదు. వొలొంగాంగ్ నగరపాలక పరిధిలోనిది. అయినా దాని చరిత్ర అడుగడుగునా సిడ్నీతో ముడిపడి ఉంది. నగరానికి అవసరమై, నగరం నడుమ చోటు దొరకనివి ఒకటొకటిగా ఈ అంచుకు చేరాయి.

కలకత్తా నుంచి వచ్చిన ఓడ

ఇది అనాదిగా ధరవాల్ ప్రజల నేల. రాతిపలకల మీద వారు చెక్కిన తిమింగలాల, కంగారూల రూపాలు తీరప్రాంతంలో నేటికీ కనిపిస్తాయి. ఈ తీరాన్ని గురించిన తొలి ఐరోపా కథనాలలో ఒకదానికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. 1796 నవంబరులో ‘సిడ్నీ కోవ్’ అనే వర్తక నౌక సారా మొదలైన సరుకులతో కలకత్తా నుంచి సిడ్నీకి బయలుదేరింది. 1797 ఫిబ్రవరిలో అది టాస్మేనియాకు ఈశాన్యాన ఉన్న ఒక చిన్న దీవి వద్ద శిథిలమై ఒడ్డుకు చేరింది. సాయం కోసం 17 మంది పడవలో బయలుదేరారు: అయిదుగురు ఐరోపావారు, 12 మంది భారతీయ నావికులు, అంటే లస్కర్లు. ఆ పడవ కూడా తుపానులో పగిలిపోవడంతో వారు తీరం వెంబడి వందల కిలోమీటర్లు కాలినడకన సాగవలసివచ్చింది. దారిలో ఆదివాసులు చాలాచోట్ల చేపలు పెట్టారు, తమ దోనెలలో నదులు దాటించారు. కొన్నిచోట్ల ఘర్షణలూ జరిగాయి. ఆకలి, అలసటల మధ్య బృందం సన్నగిల్లింది. మే నెలలో వాటమొల్లా సమీపాన ఒక చేపల పడవ కంటబడేనాటికి నడవగలిగిన వారు ముగ్గురే: వర్తక ప్రతినిధి విలియం క్లార్క్, ఒక నావికుడు, ఒక లస్కరు.

ఆ నడకలోనే వారికి కొండచరియలో బొగ్గుపొర కనిపించింది. క్లార్క్ ఆ సంగతి గవర్నరుకు చెప్పగా, అదే ఏడు ఆగస్టులో జార్జ్ బాస్ వెళ్ళి నిర్ధారించాడు. హెలెన్స్‌బర్గ్‌కు దక్షిణాన కొద్ది దూరంలో ఉన్న ఆ చోటే నేటి కోల్‌క్లిఫ్. క్లార్క్ పేరు ఆస్ట్రేలియా చరిత్ర గ్రంథాలలో నిలిచింది. అతనితో సమానంగా నడిచి బ్రతికిన భారతీయుడు మాత్రం ‘ఒక లస్కరు’గానే మిగిలాడు.

కార్మికుల కోసం అడవి

వాటమొల్లా నేడు రాయల్ నేషనల్ పార్కులో ఉంది. 1870లలో సిడ్నీ ఇరుకు వాడలు, మురుగు, అంటువ్యాధులతో సతమతమవుతోంది. నగరవాసులకు గాలి ఆడే చోటు కావాలన్న వాదానికి రాజకీయ నాయకుడు జాన్ రాబర్ట్‌సన్ అండగా నిలిచాడు. ఫలితంగా 1879లో 18,000 ఎకరాలు ‘ద నేషనల్ పార్క్’గా ప్రకటితమయ్యాయి, మరుసటి ఏడు విస్తీర్ణం రెట్టింపయింది. 1872 నాటి అమెరికా యెల్లోస్టోన్ తరువాత ఆ పేరుతో వెలసినది ఇదే. ‘రాయల్’ అన్న మాట 1955లో చేరింది.

అయితే అప్పటి ఉద్దేశం అడవిని అడవిగా కాపాడడం కాదు. పచ్చికబయళ్ళు, క్రీడాస్థలాలు, చివరకు సైనిక కసరత్తులకూ అందులో అనుమతి ఉండేది. విహారానికి వచ్చేవారి కోసం ఆడ్లీ వద్ద నదికి అడ్డుకట్ట కట్టి పడవలు తిప్పారు. రైలు 1885లో సదర్లాండ్‌కు, 1886లో వాటర్‌ఫాల్‌కు చేరడంతో, ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగిరావడం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఒకరోజు విహారమనే అలవాటు ఇక్కడ రైలు పట్టాల వెంటే పెరిగింది.

గని, సొరంగం

విహారులను మోసిన పట్టాలే బొగ్గునూ మోశాయి. కోల్‌క్లిఫ్ వద్ద సముద్రతీరాన బయటపడే ‘బుల్లై’ పొర ఉత్తరానికి పోయేకొద్దీ భూమి లోపలికి దిగుతుంది. సిడ్నీ కింద దాని లోతు 800 మీటర్లకు పైమాటే. మధ్యలో, అందుకోగలిగిన లోతున అది దొరికే చోటు హెలెన్స్‌బర్గ్. 1880లలో అక్కడ మెట్రోపాలిటన్ గని మొదలయింది. గని పేరులోనే మహానగరం ఉంది. 1888లో రైలుమార్గం వొలొంగాంగ్ దాకా కలిసింది. అడవిలో డేరాలు వేసుకున్న కూలీల మజిలీ కొన్నేళ్ళలోనే ఊరయింది. ఆ గని నేటికీ నడుస్తోంది.

తొలి రైలుదారి ఒంటి పట్టాలది, నిట్టనిలువు వాలుది. ఇరుకు సొరంగాలలో ఆవిరి ఇంజను పొగ సిబ్బందికి ఊపిరాడనిచ్చేది కాదు. అందుకే 1910లలో కొత్త మార్గం వేసి పాతదానిని వదిలివేశారు. పాత స్టేషను వద్ద చెమ్మబారిన సొరంగంలో తరువాత ఒక జాతి ఈగ డింభకాలు చేరి చీకట్లో నీలికాంతి వెదజల్లడం మొదలుపెట్టాయి. వాటిని చూడవచ్చినవారి దీపాలు, తాకిడి వాటికే ముప్పు తేవడంతో సొరంగానికి తలుపులు వేయవలసివచ్చింది. నగరం నుంచి వచ్చే చూపుకు కూడా ఒక బరువు ఉంటుంది.

మరచిన శ్మశానం

1909లో వాటర్‌ఫాల్ దగ్గర ప్రభుత్వం క్షయరోగులకు ప్రత్యేక ఆసుపత్రి తెరిచింది. మందు లేని కాలంలో చికిత్స అంటే మంచి గాలి, విశ్రాంతి, తిండి. ఇతరులకు సోకకుండా రోగిని దూరంగా ఉంచడం దాని రెండో ప్రయోజనం. పేదలే ఎక్కువగా అక్కడికి చేరారు. మరణించినవారిలో 2,000 మందికి పైగా పక్కనే గారవారా శ్మశానంలో ఉన్నారు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాక, 1950లలో క్షయ ఆసుపత్రి మూతపడింది. సమాధులను పొదలు కప్పేశాయి. హెలెన్స్‌బర్గ్ గుడికి వచ్చే దారి ఆ పొదలకు ఎంతో దూరం కాదు.

కొండ మీద గోపురం

1901 నాటి వలస నియంత్రణ చట్టం ఆసియావాసులకు ఆస్ట్రేలియా తలుపులు మూసింది. 1966లో సడలి, 1973లో ఆ విధానం పూర్తిగా రద్దయింది. వైద్యులుగా, ఇంజనీర్లుగా వచ్చిన తొలితరం భారతీయులు సంప్రదాయ రీతిలో ఆలయం కట్టడానికి ఎంచుకున్న చోటు ఇదే. 1985లో కుంభాభిషేకం జరిగింది. వేంకటేశ్వరుడితోపాటు శివుడు, త్రిపురసుందరి కూడా ఇక్కడ కొలువున్నారు. స్వదేశంలో వేర్వేరు గుడులకు వెళ్ళేవారు ఇక్కడ ఒకే ప్రాంగణంలో కలుస్తారు. వనాలు, నదులు, కొండలు ఉన్నచోట దేవతలు విహరిస్తారని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన లక్షణాలకు ఈ స్థలం చక్కగా సరిపోతుంది. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడేవారు అరలక్ష దాటారు. సిడ్నీలోని వారికి ఈ కొండ ఒక ఉమ్మడి చిరునామా.

భారతీయులు ఈ ప్రాంతానికి కొత్తవారన్న భావన గుడిని మాత్రమే చూడడం వల్ల కలుగుతుంది. గోపురం లేవడానికి 188 ఏళ్ళ ముందే ఒక భారతీయుడు ఆకలితో, గాయాలతో ఈ తీరం వెంట నడిచాడు. అతని బృందం చూసిన బొగ్గుపొర మీదనే తరువాత హెలెన్స్‌బర్గ్ వెలసింది. గుడి నుంచి వాటమొల్లాకు కారులో వెళ్ళిరావడానికి ఒక మధ్యాహ్నం చాలు.