దసలి పట్టు: నస్ల్ ఏది, బీమారీ ఏది?

మన ఇళ్లల్లో రిష్తా మాటలు మొదలైతే చాలు, ‘ఖాన్‌దానీ బీమారీ’ అన్న మాట ఎక్కడినుంచో వచ్చి దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటుంది. ఒక ఇంట్లో ఇద్దరికి టీబీ వస్తే ఆ ఇంటి ఆడపిల్లలందరి మీదా ముద్ర పడుతుంది. నస్ల్‌తో వచ్చేదేమిటి, అంటుకునేదేమిటి? ఈ ఫర్క్ తెలుసుకోవడానికి మన చెన్నూరు, మహాదేవపూర్ అడవుల్లో మద్దిచెట్టు మీద పాకే పురుగు చాలు.

అది దసలి పురుగు. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెరగదు. చెట్టు మీదే ఆకు తిని, చెట్టు మీదే గూడు కట్టుకుంటుంది. పిట్టలనుంచీ చీమలనుంచీ కాపాడుతూ రైతు రోజంతా అడవిలోనే ఉండాలి. 1905 దాకా ఎలగందుల అని పిలిచిన కరీంనగర్ జిల్లాలో మహాదేవపూర్ నేతగాళ్లకు, గోదావరి అవతల ఆదిలాబాద్ వైపు చెన్నూరు రైతులకు ఇదే రోజీ. ఇప్పుడా రెండు ఊళ్లూ వేరే జిల్లాల్లోకి వెళ్లిపోయాయి. పురుగుకు ఆ సంగతి తెలియదు.

దీన్ని గుర్తుపట్టడంలోనే పెద్ద పంచాయతీ నడిచింది. సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ దసలి, ఆముదపు పట్టుపురుగుల గురించి రాసిన వ్యాసాన్ని లండన్‌లోని లిన్నియన్ సొసైటీ 1804లో అచ్చువేసింది. అందులో దసలికి ‘పాఫియా’ అన్న పేరు వాడాడు. తర్వాతివాళ్లు ‘మైలిట్టా’ అన్నారు. ఇవి రెండు జాతులా, ఒకే జాతికి రెండు పేర్లా అన్న బహస్ చాలాకాలం సాగింది. కారణం ఉంది. గూళ్లు కొన్ని పసుపు, కొన్ని బూడిదరంగు. పురుగులు ఎక్కువగా ఆకుపచ్చవే అయినా అక్కడక్కడా పసుపువి, నీలివి కనిపిస్తాయి. ఆడ చిలుక పెద్దది, మగది చిన్నది, రంగు కూడా వేరు. రంగు చూసి జాతి చెప్పబోతే ఒకే చెట్టు మీద నాలుగు జాతులు తేలుతాయి!

జాతి ఒకటే అయినా ఇలాఖా మారితే స్వభావం మారుతుంది. జార్ఖండ్ వైపు ‘డాబా’ రకం ఏడాదికి రెండు పంటలిస్తే మన ‘ఆంధ్రా లోకల్’ మూడిస్తుంది. గూడు చిన్నది, గట్టిది.

ఉర్దూ మీడియం స్కూల్లో నేను ‘తవారుస్’ అని చదివింది డిగ్రీలో ‘అనువంశికత’ అయింది. పేరు ఏదైనా లెక్క ఒకటే. మెండెల్ 1866లో బఠానీ మొక్కల మీద రాసిన లెక్కను, జపాన్ శాస్త్రవేత్త తోయామా 1906లో మల్బరీ పట్టుపురుగుల మీద చూపించాడు. పసుపు గూడు రకాన్నీ తెల్ల గూడు రకాన్నీ కలిపితే మొదటి తరమంతా పసుపే. ఆ పిల్లల్ని వాటిలో వాటినే కలిపితే మూడు పసుపుకు ఒక తెలుపు చొప్పున వచ్చింది. తెలుపు ఎక్కడికీ పోలేదు, ఒక తరం దాక్కుందంతే.

ఇక బీమారీ. పట్టుపురుగులకు పెబ్రిన్ అని ఒక రోగం ఉంది. తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వెళుతుంది. చూసేవాళ్లకు అచ్చం విరాసత్ లాగే ఉంటుంది. ఫ్రాన్స్ పట్టు రైతులు దీనితో బర్బాద్ అయిపోతుంటే లూయీ పాశ్చర్ 1865లో రంగంలోకి దిగాడు. గుడ్డుతో వస్తున్నది నస్ల్ కాదు, గుడ్డులో దూరిన సూక్ష్మక్రిమి అని తేల్చాడు. ఇలాజ్ కూడా చెప్పాడు. ఒక్కో తల్లి చిలుకతో విడిగా గుడ్లు పెట్టించి, తర్వాత ఆ చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడాలి. క్రిమి కనిపిస్తే ఆ గుడ్లు కాల్చెయ్యాలి.

టీబీ అయితే విరాసత్‌లా కనిపించే ఈ దారి కూడా తొక్కదు, గాలిలో వస్తుంది. ఒకే గదిలో పడుకునే వాళ్లకు అంటుతుంది, మందులతో తగ్గుతుంది. నిజంగా తవారుస్‌తో వచ్చేది థలసీమియా లాంటిది. అదీ తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే బిడ్డకు ముదురుతుంది. రిష్తా ముందు అడగాల్సిన రక్తపరీక్ష దానికి. అడిగేది మాత్రం ‘ఆ ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా’ అని.

దసలి గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ పాశ్చర్ పద్ధతే. పెబ్రిన్ సోకిన తల్లీ ఆంధ్రా లోకలే, సోకని తల్లీ ఆంధ్రా లోకలే. పరీక్ష చెయ్యని గుడ్లు తెచ్చుకున్న రైతుకు ఆ సంగతి పురుగులు చెట్టుమీదనుంచి రాలడం మొదలయ్యాక తెలుస్తుంది.