స్త్రీల బుట్టబంతి

తెనాలి, బాపట్ల, రేపల్లె మొదలగు మన పట్టణములలో చదువుకొన్నవారికి బాస్కెట్‌బాల్ అను మాట క్రొత్తది కాదు. ఎత్తైన స్తంభము, దానికొక పలక, పలకకొక యినుపకడియము, కడియమునుండి వ్రేలాడు వల: ఇంతే దాని పరికరము. అయితే ఈ యాటచరిత్రమును చెప్పువారు తఱచుగా పురుషుల కథయే చెప్పుచుందురు. ఆడపిల్లల కథ యంతకంటె నెక్కుడుగా ఆలోచింపదగినదని మా తలంపు.

1891వ సంవత్సరము డిసెంబరునెలలో అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమందలి వై.యం.సి.ఏ. శిక్షణాలయమున జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున గదిలో నాడుకొనుటకై ఈ యాటను కల్పించెను. పీచుపండ్లబుట్టలు రెండు పది అడుగుల యెత్తున కొట్టించి, పదునెనమండుగురిని రెండుపక్షములుగా నిలిపెను. ఆ మొదటి యాటలో బంతి బుట్టలో పడినది ఒక్కసారియే.

నెలలు గడువకముందే సమీపమున నున్న స్మిత్ స్త్రీకళాశాలలో వ్యాయామము నేర్పుచుండిన సెండా బెరెన్సన్ అను నామె ఈ వార్త విని తన విద్యార్థినులచే నాడించెను. 1893 మార్చిలో అచట మొదటి రెండు తరగతులకు పోటీ జరిగినప్పుడు పురుషులను లోనికి రానీయలేదు. బెరెన్సన్ నియమములను కొంత మార్చెను. ఆటస్థలమును గీతలతో మూడుభాగములు చేసి, ఎవరిభాగములో వారే యుండవలెననెను; ఒకరిచేతిలోని బంతిని మఱియొకరు లాగుకొనరాదనెను. పిల్లలు మిక్కిలి యలసిపోకుండుటకే యిది. మన పెరళ్లలో తొక్కుడుబిళ్ల ఆడు బాలికలకు ఈ గీతలు వింతగా తోచవు. ఆడుపిల్లల యాటకు గీత గీయుటయన్నచో ఏ దేశమువారికైనను చేయి తేలికగానే వచ్చును గాబోలు!

గీతలకు కారణమొకటి యుండెను. 1873లో ఎడ్వర్డు క్లార్క్ అను వైద్యుడు, విశేషముగా చదివిన స్త్రీల దేహము చెడునని గ్రంథమే వ్రాసెను. స్త్రీలు రొమ్ముతోడను పురుషులు కడుపుతోడను ఊపిరి పీల్తురనియు, ఈ భేదము ప్రకృతిసిద్ధమనియు ఆ కాలపు వైద్యులు పలువురు నమ్మియుండిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో క్లీలియా మోషర్ అను యువతి దీనిని పరీక్షకు పెట్టెను. నడుము బిగించు కోర్సెట్టు అను లోనుడుపే యా భేదమునకు కారణము గాని స్త్రీదేహము కాదని 1894 ప్రాంతమున నామె నిరూపించెను. బిగించినది తీసివేసిన పిదప స్త్రీయును పురుషునివలెనే ఊపిరి పీల్చినది. ఇంత చిన్నసంగతి తెలియుటకు ఒక స్త్రీయే పూనుకొనవలసివచ్చెను.

ఆ స్టాన్‌ఫర్డు కన్యలే 1896 ఏప్రిలు 4వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కన్యలతో తలపడిరి. రెండు విద్యాలయముల స్త్రీలు ఇట్లు బుట్టబంతిలో పోటీపడుట అదియే మొదలు. పక్షమునకు తొమ్మండుగురు. ఉడుపులు మోకాలి క్రిందవఱకు వచ్చు వదులైన ఇజారులు. చూడవచ్చినవారు వందలకొలది స్త్రీలు. పురుషులకు ప్రవేశము లేదు. అయినను మగవారు కప్పులెక్కి కిటికీలలోనుండి తొంగిచూచిరట! ఆటను గూర్చి వ్రాయుటకు పత్రికలవారు స్త్రీలనే పంపిరి. స్టాన్‌ఫర్డు పక్షము రెండింట, కాలిఫోర్నియా పక్షమొకటింట బుట్ట నింపగా స్టాన్‌ఫర్డువారు గెలిచిరి.

గెలుపు నిలువలేదు. మూడేండ్లకే, 1899లో, స్టాన్‌ఫర్డు అధికారులు స్త్రీలు ఇతర విద్యాలయములతో పోటీపడుటను నిషేధించిరి. చెప్పిన కారణములు రెండు: ఒకటి ఆరోగ్యము, రెండవది పత్రికలలో పేరు పడుట. మోషర్ పరిశోధన జరిగిన విద్యాలయములోనే ఆరోగ్యము నెపమైనది. రెండవకారణమే అసలుదని మా యభిప్రాయము. కిటికీలెక్కి చూచినవారు మగవారు. ఆట మానుకొనవలసినవారు మాత్రము ఆడినవారు.

ఆ 1896వ సంవత్సరమున మన సీమ యెట్లుండెను? గుంటూరుజిల్లా యింకను పుట్టలేదు. అది 1904లో నేర్పడినది. తెనాలి, రేపల్లె, బాపట్లలు నాడు కృష్ణాజిల్లాలోనివి. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు ఆడు వయసు దాటకముందే బాలికకు పెండ్లి. వివాహమునకు బాలికవయస్సు పదునాలుగేండ్లుండవలెనను శాసనము వచ్చినది 1929లోనే. కళాశాలమాట యటుండనిండు, ఆటకు కావలసిన యేండ్లే ఆమెకు మిగులలేదు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారును వారి పత్ని లక్ష్మీబాయమ్మగారును 1922లో శారదానికేతనము స్థాపించినప్పుడు స్త్రీలు ఇల్లు దాటి చదువుకొనుటయే యొక పోరాటముగా నుండెను. అంతకు రెండేండ్లు ముందుగా, 1920లో, హారీ బక్ మదరాసులో వై.యం.సి.ఏ. వ్యాయామకళాశాల పెట్టెను. మన జిల్లాలు నాడు మదరాసు రాజధానిలోనివి. అచట తరిఫీదు పొందినవారు బడులకు డ్రిల్లుమేష్టర్లుగా వచ్చిరి. వారివెంట ఆటలును వచ్చినవి. కాని అంతకుముందు బడిమైదానము తొలుదొల్త బాలురదే. బాలికకు దొరకినది వరండా, లేదా ఇంటివాకిలి.

గీతల కథ అమెరికాలోను అంత త్వరగా తెగలేదు. ఒలింపిక్సులో పురుషుల బుట్టబంతి 1936లో బెర్లినునందు చేరగా, స్త్రీలది 1976లో మాంట్రియాలునందు గాని చేరలేదు. స్థలమంతటను పరుగెత్తు నైదుగురి యాట అమెరికా స్త్రీలకు నియమముగా స్థిరపడినది 1971 ప్రాంతముననే. అయోవా రాష్ట్రపు ఉన్నతపాఠశాలలలో మాత్రము పక్షమున కార్గురు బాలికలు మధ్యగీత దాటకుండ 1993వఱకు ఆడుచుండిరి. అచటివారికి ఆ యాటమీద ఎంతో మక్కువ, చూచుటకు వేలకొలది జనము వచ్చెడివారు. స్టాన్‌ఫర్డు స్త్రీలపక్షము 1990, 1992, 2021 సంవత్సరములలో అమెరికా కళాశాలల జాతీయవిజేతగా నిలిచినది. ఆ యాటలు చూచుటకు ఎవరును కిటికీ లెక్కనక్కఱలేకపోయినది.