నాజర్ గళంలో పల్నాడు: బుర్రకథ ఆవరణలో ఇమిడిన పలు గాన సంప్రదాయాలు

షేక్ నాజర్ (1920–1997) పేరు వినగానే ‘బుర్రకథ పితామహుడు’ అన్న బిరుదు గుర్తొస్తుంది. బిరుదు న్యాయమైనదే, కానీ దాని నీడలో ఆయన గానంలోని మిగతా పొరలు మరుగున పడ్డాయి. నాజర్ పాడిన కథలన్నిటినీ ఒక్క ప్రక్రియగా లెక్కగట్టడం వల్ల ఆయన గాయకుడిగా ఎంత విస్తారమైనవాడో మన పరిశోధనల్లో తేలలేదన్నది ఈ వ్యాసకర్త వాదం.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టాడు. పద్యాన్ని ఎత్తుకోవడం, రాగం తీసి నిలపడం అక్కడే అబ్బాయి. తర్వాత నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య వద్ద శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. ఈ నరసరావుపేట చదువును జీవితచరిత్రలో ఒక వాక్యంగా దాటేయడం తగదు. వామపక్ష సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి వేదికలెక్కే నాటికే ఆయన గొంతుకు రంగస్థల పద్యమూ తెలుసు, స్వరజ్ఞానమూ తెలుసు. జంగం కథల నుంచి బుర్రకథకు వచ్చిన తంబురా, అందెలు, గుమ్మెటల బాణీ ఆ పునాది మీద నిలిచింది.

ఆయన కథల పట్టిక చూస్తే ఈ విస్తృతి తెలుస్తుంది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, వీరాభిమన్యు, ప్రహ్లాద, క్రీస్తు, బెంగాల్ కరువు. భక్తి, వీరం, కరువు గోడు అన్నీ ఒకే గొంతులో పలకాలి. ఒక ముస్లిం కళాకారుడు ప్రహ్లాదుడి మొరనూ క్రీస్తు వేదననూ ఊరూరా పాడి జనాన్ని కూర్చోబెట్టాడంటే, అది తెలుగు నేల గర్వించవలసిన విషయం.

వీటిలో పల్నాటి యుద్ధాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలి. కథ స్వభావమే గాయకుణ్ణి పలు రీతుల్లోకి లాగుతుంది. మంత్రిణి నాగమ్మ రాజనీతికి పదును గల సంవాదం కావాలి. కోడిపోరుకు పరుగెత్తే రగడ నడక కావాలి. యుద్ధానికి బయలుదేరిన బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో లయ తగ్గి కరుణ నిండాలి. కారెంపూడి రణరంగం దగ్గర కథకుడితో పాటు పక్కన వంత పాడే ఇద్దరూ గొంతు కలిపి కథను ఉరికించాలి. మంత్రి బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు ప్రజానాట్యమండలి కళాకారుడికి ఎంత దగ్గరి వస్తువో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పల్నాడులో ఈ కథకు నాజర్‌కు ముందునుంచీ వారసులున్నారు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో సంప్రదాయ వీరగాథా గాయకులైన వీరవిద్యవంతులు దీన్ని కొలువుగా పాడతారు. వారిలో ఒకరైన అలిశెట్టి గాలెయ్య 1974లో పాడిన పాఠమే జీన్ రోఘైర్ 1982లో వెలువరించిన ఆంగ్ల గ్రంథానికి ఆధారం. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం మరో శాఖ. వీరవిద్యవంతుల పాట వీరులకు చేసే సేవ. నాజర్ కథ మైదానంలో గుమిగూడిన రైతు కూలీలను ఉద్దేశించింది. వినేవారు మారినప్పుడు ఏ ఘట్టం పెరిగింది, ఏది కుదించుకుపోయింది అన్నదే అసలు ప్రశ్న.

‘అగ్గిరాముడు’ (1954) చిత్రంలో ఆయన బృందం చెప్పిన అల్లూరి కథ సినిమా కొలతకు కుదించినది. రాత్రంతా సాగే కథకు దాన్ని నమూనాగా తీసుకోలేం. అందుకే ముద్రిత పాఠాలకూ, ఈ చిత్రానికీ పరిమితం కాకుండా, నాజర్ పల్నాటి కథను గాలెయ్య పాఠం పక్కన పెట్టి ఘట్టం వారీగా పోల్చాలి. మాంచాల ఘట్టంతో మొదలుపెడితే గాత్రంలోని తేడా త్వరగా పట్టుబడుతుంది.