గన్నవరం–షార్జా విమాన మార్గం

గన్నవరం (విజయవాడ) విమానాశ్రయం నుంచి ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని షార్జాకు నేరుగా వెళ్ళే మార్గం. భూగోళం మీద అతి దగ్గరి దారిన, అంటే మహావృత్త చాపం వెంట లెక్కిస్తే దూరం సుమారు 2,800 కి.మీ. ఈ గీత దక్కను మీదుగా సాగి, ముంబయికి ఉత్తరంగా తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా ఒమన్ వైపు వెళ్తుంది. విమానాలు నిర్ణీత వాయుమార్గాలు పట్టుకుని పోతాయి కాబట్టి నిజంగా ఎగిరే దూరం దీనికంటే కొంత ఎక్కువే.

ప్రయాణ సమయం దాదాపు నాలుగు గంటలు. టికెట్టు మీది వేళలు రెండూ స్థానిక కాలాలు. షార్జా గడియారం మనకంటే గంటన్నర వెనక. సాయంత్రం 6 గంటలకు బయలుదేరిన విమానం రాత్రి 8.30కి దిగుతుందని ఉంటే, అది రెండున్నర గంటల ప్రయాణం కాదు.

ఈ నాలుగు గంటలూ ఏడాది పొడుగునా ఒక్కలా ఉండవు. శీతకాలంలో పైన వీచే పడమటి గాలులు షార్జా వెళ్ళే విమానానికి ఎదురవుతాయి, వచ్చేదాన్ని ముందుకు తోస్తాయి. వర్షాకాలంలో కథ తిరగబడుతుంది. కొల్లేటి గట్ల మీద నైరుతి గాలి కొడుతుండగానే, దానికి చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి మరో ప్రవాహం సాగుతుంటుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో ‘టెల్లస్’ పత్రికలో వివరించినవాడు తెలుగువాడైన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. దాని కేంద్రం విమానాలు తిరిగే ఎత్తుకు పైనే ఉన్నా, అంచు తగిలినంత మేర ప్రయాణం తేడా పడుతుంది.

గన్నవరం ఎప్పుడు అంతర్జాతీయ విమానాశ్రయమైందన్న దానికి రెండు తేదీలు వినిపిస్తాయి: కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 2017 మే, ఇండిగో సింగపూర్ సర్వీసు మొదలైన 2018 డిసెంబరు. ప్రయాణికుడి లెక్కలో రెండోదే సరైనదనిపిస్తుంది. సింగపూర్ దూరం సుమారు 3,050 కి.మీ.; దారి నికోబార్ దీవుల మీదుగా. ఖాళీ సీట్ల నష్టానికి రాష్ట్ర ప్రభుత్వం పూచీపడగా నడిచిన ఆ సర్వీసు 2019 మధ్యలో ఆగింది. 2025 నవంబరులో మళ్ళీ మొదలైంది. షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2022 అక్టోబరు 31న విమానం నడిపింది. షార్జాలో దిగినా ఊళ్ళో మాత్రం ‘దుబాయి వెళ్ళాడు’ అనే అంటారు. నిజానికి షార్జాలో విమానాల రాకపోకలు పాతవే: లండన్–భారత్ మార్గంలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1932లోనే షార్జాను మజిలీ చేసుకుంది.

ఏలూరు జిల్లాలోని భీమడోలు నుంచి గన్నవరానికి జాతీయ రహదారి మీద ఏలూరు మీదుగా సుమారు 60 కి.మీ. షార్జా సర్వీసు రాకముందు ఈ ప్రాంతపు గల్ఫ్ ప్రయాణికుల్లో చాలామంది దాదాపు 350 కి.మీ. వెళ్ళి శంషాబాద్‌లో విమానం ఎక్కేవారు. భీమడోలుకు గన్నవరంకంటే దగ్గర్లో, తాడేపల్లిగూడెంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే ఒకటుంది. ప్రయాణికుల విమానాలకు దాన్ని వాడడం లేదు.