పులికాట్‌లో ఫ్లెమింగోలు: పక్షులు మిగలాలంటే ముందు సముద్రం దారి తెరవాలి!

చలికాలం వచ్చిందంటే చాలు.. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన కార్లు ఆగుతూనే ఉంటాయి. నీళ్లలో గుంపుగా నిలబడ్డ ఫ్లెమింగోలను ఫోన్లలో తీసుకుంటూ జనం కనిపిస్తారు. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మరి ఆ పక్షులు అక్కడికే ఎందుకు వస్తాయి? సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుకకూ వాటి తిండికీ ఏంటి సంబంధం? ఆ వివరాలు ఇవీ..

ఎక్కడుంది?

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో, మిగతాది తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. దీనికి ప్రళయకావేరి అనే పేరు కూడా ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న దీవే శ్రీహరికోట. అవును, మన రాకెట్లు ఎగిరేది అక్కడి నుంచే. ఏపీ వైపు సరస్సును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు చెరువుకూ అదే ఏడాది ఆ హోదా దక్కింది.

తిండి ఒకచోట.. గూడు మరోచోట

పులికాట్, నేలపట్టు.. ఈ రెండూ వేర్వేరు అనుకుంటే పొరపాటే. గూడబాతులు అంటే పెలికాన్లు నేలపట్టులో నీళ్ల మధ్య ఉన్న చెట్లపై గూళ్లు కడతాయి. పిల్లల కోసం చేపలు తేవడానికి పులికాట్ దాకా ఎగురుతాయి. చెట్ల కింద నీళ్లుంటేనే కుక్కలు, నక్కలు గూళ్ల దరిదాపులకు రావు. చెరువు ముందే ఎండితే ఆ రక్షణ పోతుంది. సరస్సులో చేప తగ్గితే పిల్లలకు తిండి ఉండదు. ఏ ఒక్కటి దెబ్బతిన్నా ఆ సీజన్ పోయినట్టే.

ఫ్లెమింగోల సంగతి వేరు. అవి ఇక్కడ గూళ్లు పెట్టవు. మన దేశంలో వాటి పెద్ద పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్‌కు వచ్చేది మేత కోసమే. ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదనీటిని జల్లెడ పట్టినట్టు వడకట్టి నాచు, సన్నటి పురుగులు, చిన్న చిన్న రొయ్యజాతి జీవులను తింటాయి. ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లే వాటి రెక్కలకు గులాబీ రంగు వస్తుంది. గుంపులో బూడిద రంగులో కనిపించేవి జబ్బు పక్షులు కాదు, ఇంకా ఎదగని పిల్లలు.

ఇక టెర్న్‌లు, సీగల్స్ లాంటి సముద్ర పక్షులు కూడా ఇక్కడ చేపలు పట్టుకుంటాయి. ఇసుక తిప్పలపై గుంపుగా వాలి సేద తీరతాయి.

అసలు సమస్య ఏంటి?

సరస్సు సగటు లోతు మీటరు అటూ ఇటూ మాత్రమే. నీళ్లలో నడుస్తూ మేత వెతికే పక్షులకు ఇదే వరం, ఇదే గండం. కాస్త నీరు పెరిగితే కాలు ఆనదు. కాస్త తగ్గితే నేల బయటపడి మేత ఎండిపోతుంది.

ఈ నీటిమట్టాన్ని నిలబెట్టేవి రెండు. ఒకటి, ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నుంచి వచ్చే మంచినీళ్లు. రెండోది, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు పోటు. మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర, తమిళనాడు వైపు పులికాట్ ఊరి దగ్గర ఈ ముఖద్వారాలు ఉన్నాయి. తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుక వీటిని పూడ్చేస్తోంది. వరద గట్టిగా వస్తే దారి తెగుతుంది, ఆ తర్వాత మళ్లీ మేట పడుతుంది.

దారి మూసుకుంటే ఎండాకాలంలో నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. ఉత్తరం వైపు సరస్సు చాలా మేర ఎండి నేల తెల్లగా ఉప్పు పేరుతుంది. సముద్రం నుంచి లోపలికి రావాల్సిన రొయ్య పిల్లలు, చేప పిల్లలు బయటే ఆగిపోతాయి. దెబ్బ పక్షులకే కాదు, సరస్సునే నమ్ముకున్న మత్స్యకార కుటుంబాలకు కూడా. అందుకే రాయదొరువు పూడిక తీయాలని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

తవ్వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఒకసారి తవ్వితే ఇసుక మళ్లీ వస్తుంది. కాబట్టి ఇది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. అలాగని సరస్సంతా లోతు చేస్తే ఫ్లెమింగోలకు మేత నేల పోతుంది. తెరవాల్సింది ముఖద్వారం, అక్కడి నుంచి లోపలికి నీళ్లు పారే కాలువలు. వాటితో పాటు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మురుగు సరస్సులో కలవకుండా చూడాలి. సరస్సును చీలుస్తూ వెళ్లే రోడ్డు కింద నీళ్లు ఇటూ అటూ పారే దారులు మూసుకుపోకూడదు. వేటను ఆపడానికి చట్టం ఉంది. కానీ కాపలా ఎంత ఉన్నా, నీళ్లు లేకపోతే పక్షి దిగదు.

చూడ్డానికి వెళ్తున్నారా?

* అక్టోబర్ నుంచి మార్చి దాకా మంచి సమయం. పొద్దున్నే వెళ్తే బాగా కనిపిస్తాయి.
* సూళ్లూరుపేట చెన్నై నుంచి సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లెమింగోలకు శ్రీహరికోట రోడ్డు, గూడబాతుల గూళ్లకు నేలపట్టు.
* బైనాక్యులర్ తీసుకెళ్లండి. దగ్గరికి నడిచి వెళ్లొద్దు.
* డ్రోన్ ఎగరేయొద్దు, హారన్ కొట్టొద్దు. గుంపు ఎగిరే షాట్ కోసం రాళ్లు వేయడం, కేకలు పెట్టడం అసలే వద్దు. బెదిరి ఎగిరిన ప్రతిసారీ పక్షికి మేత టైమ్ పోతుంది, ఒంట్లో శక్తీ ఖర్చవుతుంది. గూళ్ల దగ్గరైతే తల్లి లేచిపోయిన ఆ కాసేపట్లోనే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి.

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ ఈ పక్షులకు బాగా పేరు తెచ్చింది. పండగ మూడు రోజుల్లో అయిపోతుంది. ముఖద్వారం మాత్రం ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. అప్పుడే జాలరి వలలో చేప పడుతుంది, గూటిలో పిల్లకూ అందుతుంది.