గ్రామలేఖనముల దీర్ఘాయువు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో కావ్యవిషయములు వ్రాయుటకు సమర్థులు పలువురు గలరు. నిత్యము లెక్కలతో మెలగువాడనగుటచే నేను గ్రామలెక్కల చరిత్రము నెన్నుకొంటిని. ఒకప్పు డింటిపెట్టెలో నుండిన లెక్క తాటాకునుండి కాగితమునకును, కాగితమునుండి కంప్యూటరునకును మారుచు నెట్లు నిలిచినదో, ఎచ్చట తొట్రుపడినదో తెలిసికొనుట సెంటు భూమి గలవానికైన నవసరమే.

తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున, నెల్లూరు నేలిన మనుమసిద్ధి కాలమున, విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించెను. సముద్రపు గాలికిని, చెదలకును తాటాకు చిరకాల మోర్వదు. ప్రాత ప్రతి శిథిలము కాకమునుపే వ్రాయసకాండ్రు క్రొత్త ప్రతి వ్రాసికొనుచు వచ్చిరి. ఆకు మారినది, లిపి కొంత మారినది, భారతము నిలిచినది. శిలాశాసనముల మాట వేఱు. ఈ మండలపు శాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాల చెట్టి అనువారు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఱాయి నిలుచును గాని, చేతులు మారెడి భూమికి దిద్దుకొన వీలగు లెక్క కావలయును.

ఆ లెక్క కరణముల యిండ్లలో కవిలెకట్టల రూపమున నుండెడిది. కర్నలు మెకంజీ సేకరించిన కైఫీయతులలో ననేకములకు గ్రామకరణముల కవిలెలే యాధారములు. 1801లో నెల్లూరు సీమ కంపెనీవారి వశమైన పిమ్మట క్రమముగా సర్వే, సెటిల్‌మెంటు జరిగి, డైగ్లాటు, అడంగలు మున్నగు కాగితపు లెక్క లేర్పడెను. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయకు 16 అణాలకు మాఱుగా 100 నయాపైసలు వచ్చెను. శిస్తు గణించు విధము మారినను, పొలము సర్వే నంబరు మారలేదు. 1984లో కరణము పదవి రద్దుకాగా, కట్టలు ఇంటినుండి కచేరికి పోయెను. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుపాను వంటివి వచ్చినపుడు, ఒక్కచోటనే యున్న కాగితమున కెంత యపాయమో తీరవాసులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

1998లో రిజిస్ట్రేషను కచేరులకు కంప్యూటర్లు వచ్చెను. 2015లో మీభూమి యను పేర అడంగలు అందఱి కండ్లయెదుటకు వచ్చెను. నాడు కరణము పెట్టె చేసిన పనిని నేడు సర్వరు అనెడి కంప్యూటరు చేయుచున్నది. ఆ యంత్రము తాటాకుకంటె నల్పాయువు. కొన్ని యేండ్లకే దాని భాగములు మార్చవలయును. దానిని నడపు విధానమును క్రొత్తది చేయవలయును. కావున దీర్ఘాయువు యంత్రమునది కాదు, తప్పులేక ప్రతి తీయు శ్రద్ధది.

అయితే ప్రతి తీయుటయే చాలదనుటకు చుక్కల భూములే నిదర్శనము. సెటిల్‌మెంటు కాలమున పట్టాదారు పేరు తేలనిచోట గుమాస్తాలు రిజిస్టరులో చుక్కలు పెట్టి విడిచిరి. గ్రామమున తెలిసినవాడున్నంత కాలము ఆ చుక్క వెనుక సేద్యగా డెవ్వడో చెప్పగలిగెడివాడు. తెలిసినవారు పోయిరి; చుక్క మాత్రము మిగిలెను. 2016లో నట్టి భూములు రిజిస్ట్రేషను నిషేధపు పట్టికలో చేరగా, తరతరములుగా దున్నుకొనువారును అమ్మజాలకపోయిరి. బిడ్డ పెండ్లికో చదువునకో అర ఎకర మమ్ముకొనదలచిన వానికి తాతనాటి చుక్క యడ్డు నిలిచెను. 2017లో పండ్రెండేండ్లకు పైబడిన యనుభవమును ఋజువు చేసికొన్నవారికి మార్గము చూపుచు చట్టము వచ్చెను. 2023 మే 12వ తేదీన మన కావలిలోనే జరిగిన సభలో, రాష్ట్రమందలి 2 లక్షల ఎకరాలకు పైబడిన యిట్టి భూములకు నిషేధము తొలగించు కార్యము ప్రారంభమయ్యెను. వ్రాయసగాడు విడిచిన సందేహము ఇన్ని మార్పులను దాటి, చెక్కుచెదరక మనదాక వచ్చినది!

దీనివలన మూడు నీతులు గ్రహింపదగియున్నవి. క్రొత్తలెక్కను పాతదానితో పంక్తి పంక్తికి సరిచూడకమునుపు పాతదానిని విడువరాదు. ప్రతులను ఒక్క కప్పుక్రింద నుంచరాదు. కాగితము చెప్పని మాటను, తెలిసిన పెద్దలుండగనే వ్రాసి పెట్టుకొనవలయును. ప్రతి గృహస్థుడును తన పాస్‌పుస్తకమును, దస్తావేజులను అడంగలుతో నేటేట సరిచూచుకొనుగాక. మన గ్రంథాలయమువారును పుస్తకముల జాబితాకు మఱియొక ప్రతి వ్రాయించి వేఱొకచోట భద్రపఱచుదురుగాక. అప్పుడు స్వర్ణోత్సవమునాటి చదువరులకు మనము చుక్కలను గాక, పేర్లను విడిచినవార మగుదుము.